పెన్నలో చెలమ

మా వీధిలో ఇసుక లారీ దించినప్పుడల్లా ఆ తడివాసనకు జమ్మలమడుగు పెన్న గుర్తొస్తుంది. మా నాన్న చనిపోయిన ఎండాకాలం అది. వానల్లో ఒడ్లు ఒరుసుకుని పారిన ఏరు ఎండిపోయింది. దేవుడూ అట్లాగే మమ్మల్ని వదిలి వెళ్లిపోయాడనుకున్నాను. బిందె పట్టుకుని ఏట్లోకి నీళ్లకు వచ్చిన మా అవ్వతో అదే అన్నాను.

అవ్వ చేతులతో ఇసుక తోడి చెలమ తీసింది. గుంత అడుగున చెమ్మ పుట్టి, చూస్తుండగానే చల్లటి తేటనీరు ఊరింది. చర్చిలో మోకరించినప్పుడు కూడా నాకంత భయభక్తులు కలగలేదు.

“ఏరు యాడికీ పోలేదు బిడ్డా, కిందనే ఉంది. దేవుడు గూడా అంతే. ఆయన మారడు,” అంది.

లారీలు తోడుకుపోగా ఇప్పుడు పెన్నలో ఇసుకే లేదు. అవ్వ లేదు, అవ్వ చూపించిన ఆ ఏరూ లేదు. ఆయన మాత్రం ఉన్నాడు, అప్పటిలాగే.