పచ్చచార

గుడియాత్తంలో గుంటమగ్గంలోకి కాళ్లు దించి ముప్పైయేళ్లుగా లుంగీలు నేస్తున్న లోగనాథన్‌కి ఒక అలవాటుంది. ఎవరూ అడక్కపోయినా ప్రతి లుంగీ కొసన గోరంత వెడల్పు పచ్చచార వేస్తాడు. కింది పలకల్ని ఒక కాలు మార్చి ఒక కాలు తొక్కుతూ, ఇవి కట్టుకునే జాలర్ల సముద్రం ఎట్లా ఉంటుందో అనుకుంటాడు.

పోయిన మాఘంలో పులికాట్ వైపు పెళ్లికి పోయినప్పుడు, దినకర్ అనే జాలరి ఆయన్ని పడవెక్కించుకుని సముద్రంలోకి తీసుకుపోయాడు. తిరిగొచ్చేసరికి ఆటుకి నీళ్లు తగ్గి, రేవు నోట్లో ఇసుకమేట తేలింది. పోటు ఎక్కేదాకా బయటే ఆగారు. పడవ ఊగుతుంటే లోగనాథన్ కాళ్లు వాటంతటవే చెక్కని తొక్కసాగాయి. "ఏం పెద్దాయనా, ఈడ గూడా నేస్తా ఉండావా?" అని దినకర్ నవ్వాడు. ఇంకాసేపు నీళ్లు రాకుంటే బాగుండునని ఆయన మనసులో ఉంది. నీళ్లు వచ్చేశాయి. "అదో, ఆ గడకి గుడ్డ కట్టుండాదే, దాని ఎడంపక్కనే దోవ. కుడిపక్క పోతే ఇసకలో కూరుకుంటాం" అంటూ దినకర్ పడవ తిప్పాడు. అదొక పాత లుంగీ. గళ్లన్నీ వెలిసిపోయాయి. పక్కనుంచి పోతుంటే కొసన పచ్చచార కనిపించింది. లోగనాథన్ చెయ్యి చాపాడు, అందలేదు. "నాదే నాయనా" అనేలోగా గడ వెనకబడింది.

ఇప్పుడాయన చార బెత్తెడు వెడల్పు వేస్తున్నాడు. "ఇట్లా నేస్తే నీ సరుకు నాకొద్దు. ఎందుకప్పా ఇంత?" అని షావుకారు అరిచాడు.

లోగనాథన్ కాళ్లు ఆగలేదు. "గోరంతయితే, పడవలో నుంచి దగ్గరికి పోయేదాకా కంటికి ఆనలేదు సామీ."