ఆరు గంటల గీత

గ్లూకోసు ఎక్కించిన సీసా ఖాళీ అయితే పారేయకూడదని మా వైపు అందరికీ తెలుసు. ఆ రోజుల్లో అది గాజు సీసా, రబ్బరు మూత. ఇంటికి తెచ్చి కడిగి కిరసనాయిలు పోసుకునేవాళ్లు. మా జవళగిరిలో ఏ ఇంట్లో ఎవరు ఆస్పత్రిపాలై వచ్చారో ఆ సీసాలు చూసి చెప్పేయవచ్చు. మీకు నవ్వు రావచ్చు. నాకు రాదు. ఒక సీసా దొరక్కపోయి ఉంటే ఒక ఆడపిల్ల చదువు అక్కడితో ఆగిపోయేది. ఆ కోపం ఇన్నేళ్లయినా నాలో చల్లారలేదు.

నేను బడికి పోలేదు. హోసూరు బస్టాండులో మూటలు ఎక్కిస్తూ దించుతూ బస్సు బోర్డుల మీద అక్షరాలు నేర్చుకున్నాను. అరవం, కన్నడం, తెలుగు మూడూ అలాగే వచ్చాయి. చదవడం వచ్చిందని పొగరు కూడా ఉండేది. ఆ రోజు కొంప ముంచింది ఆ పొగరే.

ఎనభైల మొదట్లో మాట. మా అమ్మకు విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరంతా పోతే హోసూరులో ఒక ఆస్పత్రిలో చేర్చాం. పేరు చెప్పను. అమ్మ గుండె అప్పటికే బలహీనం. ఒక్క సీసా నెమ్మదిగా ఎక్కించాలి, అది అయ్యాక బాగుంటే ఇంటికి తీసుకుపోవచ్చు అన్నాడు డాక్టరు.

ఎక్కించింది కృష్ణగిరి నుంచి నర్సు పని నేర్చుకోవడానికి వచ్చిన ఒక పిల్ల. పంతొమ్మిది, ఇరవై ఏళ్లుంటాయి. కావేరిపట్టణం దగ్గర కూలివాళ్ల బిడ్డ. కాగితంలో పేరున్నా అమ్మ నోటితో మళ్లీ చెప్పించుకుంది. సీసాను కిటికీ వెలుగుకు ఎత్తి నలకలున్నాయేమో చూసింది. సీసా మీద పొడుగ్గా ఒక ప్లాస్టరు ముక్క అంటించి, పెన్నుతో గీతలు గీసి, గంటలు వేసింది. పై గీత పది, అడుగున ఉన్నది ఆరు. గొట్టానికి ఉన్న చిన్న చక్రాన్ని తిప్పుతూ, చేతి గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టింది. నిమిషానికి పదిహేను. గుండె ఓర్చుకోలేదు కాబట్టి ఇంతకంటే వేగంగా పోకూడదు, చక్రం ఎవరూ ముట్టుకోవద్దు అని మా ముగ్గురికీ, అంటే నాకూ అన్నకూ వదినకూ, విడమరిచి చెప్పింది. గంటకొకసారి వచ్చి, నీళ్లు గీత దగ్గర ఉంటే పక్కన టిక్కు పెట్టి పోయేది. ముప్పై మంచాలు ఆ వార్డులో. తిరిగేది ఆ పిల్ల ఒక్కతే.

రెండు గంటల టిక్కు పెట్టి పోయింది. దూరంగా ఒక మంచం మీద పసిబిడ్డకు ఫిట్సు వస్తే అక్కడికి పరిగెత్తింది. అప్పుడు మా అన్న సీసా వైపు చూపించాడు.

"ఏమిరా ఆడ రాసిండేది?"

నేను ఛాతీ విరుచుకుని చదివాను. "ఆరుకి అయిపోతాదని రాసిండాదన్నా."

"ఆరుకా? మన బస్సు ఐదుకి గదరా."

చెయ్యి చాచి చక్రం పూర్తిగా తిప్పేశాడు. చుక్కలు పోయి ధార అయింది. ఆ పిల్ల ముట్టుకోవద్దంది అన్నానో లేదో, నా మీద విరుచుకుపడ్డాడు.

"బస్సు బోర్డు చదివేటోడివి, నువ్వేమన్నా డాక్టరువా? నీళ్లే గదరా. నీళ్లకు మనిషి సస్తాడా?"

అన్న కదా అని నోరు మూసుకున్నాను.

అరగంటలో సీసా ఖాళీ. ఆయా వచ్చి తీసేస్తే వదిన దాన్ని అడిగి పుచ్చుకుని సంచిలో పెట్టుకుంది. ఇంకాసేపటికి అమ్మకు దగ్గు మొదలైంది. పడుకోలేకపోయింది. ఊపిరి గురగురమంది, నోట నురగ వచ్చింది. ఆ పిల్లే పరిగెత్తుకొచ్చి అమ్మను లేపి కూర్చోబెట్టి, కాళ్లు మంచం కిందికి దించి, డాక్టరును పిలిచింది. ఆక్సిజను పెట్టారు, నీరు దిగడానికి సూది వేశారు. సాయంత్రానికి అమ్మ గండం గడిచింది.

అమ్మ కళ్లు తెరవకముందే మా అన్న వదినను తీసుకుని ఐదు గంటల బస్సెక్కాడు. సీసా ఉన్న సంచీ వాళ్లతోనే పోయింది. ఆవులకు మేత లేదట.

ఇక పెద్ద సిస్టరు, వార్డంతా వింటుండగా, ఆ పిల్లను అరవంలో ఉతికి ఆరేసింది. చుక్కలు లెక్కపెట్టడం రానిది నర్సు ఎట్లా అవుతుందంది. పదిహేనే పెట్టానని ఆ పిల్ల అంటే, సీసా యాడుందో చూపించమంది. సీసా లేదు. డాక్టరేమో, దీన్ని వెనక్కి పిలిపించుకోమని మర్నాడు మధ్యాహ్నానికల్లా కృష్ణగిరి నర్సుల బడికి కాగితం పంపుతానన్నాడు. ఇదంతా నా ఎదుటే. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను. కోపం వాళ్ల మీద మాత్రమే కాదు, చూడండి.

తెల్లారి మొదటి బస్సుకు, అమ్మను పక్క మంచం ఆమెకు అప్పజెప్పి జవళగిరి పోయాను. సీసాలో అప్పటికే కిరసనాయిలు. ప్లాస్టరు మాత్రం అలాగే ఉంది. కింది అంకెలు చెదిరినా, రెండు దాకా టిక్కులు కనిపిస్తున్నాయి. అన్న చూస్తుండగానే కిరసనాయిలు వాకిట్లో ఒంపేసి, సీసా చంకలో పెట్టుకుని వచ్చిన బస్సే తిరిగి ఎక్కాను.

డాక్టరు బల్ల మీద సీసా పెట్టి, చక్రం తిప్పింది మా అన్న, గీత చదివి చెప్పింది నేను అన్నాను. ఆయన టిక్కులు ఒక్కొక్కటే చూసి, పోయి డ్యూటీ చూసుకోమని ఆ పిల్లతో అన్నాడు. అంతే. పొరపాటు పడ్డామని ఒక్క మాట లేదు. పెద్ద సిస్టరైతే, బంధువులు ముట్టుకుంటుంటే చూసుకోకపోవడం దీని తప్పే కదా అంది.

"ముప్పై మంచాలకు ఒక్క బిడ్డను పెట్టింది ఎవురమ్మా?" అన్నాను. నన్ను బయటికి పంపమని వాచ్‌మన్‌ను పిలిచింది.

కాగితం మాత్రం పోలేదు. వరండాలో ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. దండం పెడుతుందేమో అనుకున్నాను, సిగ్గులేకుండా.

"మీయన్న తిప్పేటప్పుడు నువ్వు యాడుంటివన్నా?"

"ఆడే ఉంటినమ్మా."

గడియారం చూసుకుని అమ్మ నాడి పట్టడానికి లోపలికి పోయింది.

ఇప్పుడు సీసాలు ప్లాస్టిక్కువి. చక్రం మాత్రం అదే. త్వరగా పోవాలని దాని మీద వేలు పెట్టేవాళ్లూ అలాగే ఉన్నారు. కనిపిస్తే చెయ్యి పట్టుకుంటాను. ముసలోడికి పిచ్చి అంటారు, అననీ.

మా అన్న బతికినన్నాళ్లూ ఆ రోజు గురించి ఒక్క మాటే అనేవాడు. నేను కిరసనాయిలంతా నేలపాలు చేశానని.