వడియాలు పెట్టని రోజు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లున్నప్పుడు, మేం షికాగోలో ఒక పాత ఇటుకల అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండేవాళ్లం. వంటింటి కిటికీలోంచి చూస్తే వెనక సందు, అందులో వరసగా ఆరు చెత్త డ్రమ్ములు కనిపించేవి. కంటికి కనిపించిందల్లా లెక్కపెట్టడం అప్పటికే నాకు అలవాటు.

ఆ వేసవిలో మా అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన వారానికే వెనక చెక్క వరండాలో పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. మర్నాడే బిల్డింగ్ మేనేజర్ మెట్లెక్కి వచ్చాడు. మీ తిండి వల్లే ఇన్ని పావురాలు వస్తున్నాయి, నెలాఖరుకి ఖాళీ చెయ్యండి అన్నాడు. మా నాన్న ఆఫీసులో నలుగురికి పని చెప్పే మనిషి. ఆ మేనేజర్ ముందు మాత్రం చేతులు కట్టుకుని, "సారీ సర్, వెరీ సారీ" అన్నాడు. ఎదుటివాడు గొంతు పెంచితే ముందు సారీ చెప్పేయడం మా ఇంట్లో మర్యాద. నాకు ఒళ్లు మండింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ మండుతోంది.

ఆ తర్వాత వడియాలు ఎండిన రెండు రోజులూ పదింటికి కిటికీ దగ్గర నిలబడి పావురాలను లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ముప్పై నాలుగు. అతను అన్నదే నిజమేమోనని ఏడుపొచ్చింది.

అమ్మమ్మ ఏనాడూ బడికి వెళ్లలేదు. నా నోట్‌బుక్ వైపు చూసి, "మరి వడియాలు పెట్టని రోజున ఎన్నే?" అంది.

"పెట్టనప్పుడు లెక్కెందుకు అమ్మమ్మా?"

"ఓసి పిచ్చి మొహమా! మనం పెట్టకపోయినా వస్తే, తప్పు మనదెలా అవుతుందే?"

రెండు వారాలు రోజు విడిచి రోజు చీర పరిచింది. నాన్న అరిచినా వినలేదు. వడియాలు లేని రోజుల్లోనూ పావురాలు ముప్పైకి తగ్గలేదు, ఒక్క మంగళవారం తప్ప. మంగళవారం తెల్లవారగానే లారీ వచ్చి డ్రమ్ములు ఖాళీ చేసేది. ఒక మంగళవారం వడియాలు ఉన్నాయి, ఇంకో మంగళవారం లేవు. రెండుసార్లూ నాలుగే పావురాలు. ఆ ఆరు డ్రమ్ముల్లో ఒక్కదానికీ మూత లేదు. మూతలు పెట్టించాల్సింది ఆ మేనేజరే.

ఆ లెక్కలు రాసిన కాగితం పట్టుకుని ఇద్దరం కిందికి, మేనేజర్ దగ్గరికి వెళ్లాం. అతను దాన్ని చూడనైనా లేదు. "మీ నాన్న సారీ చెప్పాడుగా. తప్పు లేకపోతే ఎందుకు చెప్తాడు?" అన్నాడు.

ఆ మాట నేను తెలుగులో చెప్పగానే అమ్మమ్మ మొహం ఎర్రబడింది. "అయితే ఆ సారీ వెనక్కిచ్చెయ్యమను," అంది.

ఆ మాట నేను ఇంగ్లీషులో గట్టిగానే అన్నాను. అమ్మమ్మ కాగితాన్ని అతని బల్ల మీద పెట్టి, సందులోని డ్రమ్ముల వైపు వేలు చూపించి వచ్చేసింది.

వారం తిరక్కుండా డ్రమ్ములకు మూతలొచ్చాయి. ఖాళీ చెయ్యమన్న మాట అతను మళ్లీ ఎత్తలేదు. మాకు మాత్రం ఎవరూ సారీ చెప్పలేదు.

ఇన్నేళ్లయినా ఎవరైనా "మీ వల్లే" అనగానే, మా నాన్నకు లాగే నా నోట్లోకీ ముందు ఆ సారీయే వస్తుంది. పళ్లు బిగించి దాన్ని ఆపుతాను. ఆపి, ముందు ఒక్కటే అడుగుతాను: మేం లేని రోజున ఎన్ని?