జలనీలం, అప్పాయమ్మ కాపలా

అంతర్వేదిలో ఎవరింట బంగారం కరిగించాలన్నా ముందు అప్పాయమ్మకు కబురు వెళ్లేది. ఆవిడేమీ కంసాలి కాదు, కంసాలి ఎదురుగా కూర్చుని కాపలా కాసే మనిషి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్త రోజులవి. నగ చేయించుకునేవాళ్లు పని అయ్యేదాకా కంసాలి ఎదుటే కూర్చోవడం అప్పట్లో మామూలు. తీరిక లేనివాళ్లు ఇంత బియ్యమో, నాలుగు కొబ్బరికాయలో ఇచ్చి అప్పాయమ్మను కూర్చోబెట్టేవారు.

కుంపటి పొగ కళ్లలో కొట్టినా ఆవిడ రెప్ప వేసేది కాదు. ఊరి కంసాలి భద్రాచారి పని ఆపి లేచాడంటే చేతులు చాపాలి, గోళ్లు చూపాలి, పైపంచ దులపాలి. దగ్గొచ్చి గుమ్మం బయటికి వెళ్లబోతే, "నా ఎదటే ఉమ్మండి ఆచారిగారూ" అనేది. పాతికేళ్లుగా ఆయన అలాగే ఉమ్ముతున్నాడు, పాపం.

ఈ గుణం ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్లయిన ఏడాదికే మెడలోని మంగళసూత్రం పచ్చగా చిలుము పట్టింది. పైన బంగారం పూత, లోపలంతా రాగి. ఏ ఊరి కంసాలి చేశాడో ఎవరికీ తెలియదు. ఆ ఏడే మొగుడు పడవతో సహా సముద్రంలో పోయాడు. పుట్టింటినుంచి దొంగ సూత్రం తెచ్చుకుని మొగుణ్ణి మింగిందన్నారు అత్తింటివాళ్లు. పదిహేడేళ్ల పిల్ల ఆ మాట పడింది. ఇక ఆనాటినుంచి పాలు పోసేవాడి చెంబు దగ్గర్నుంచి పూజారిగారి ప్రసాదం దాకా ఆవిడ అనుమానించనిది లేదు.

ఆ ఊళ్లో పడవల పోలిరాజు సింహళం నుంచి ఒక రాయి తెచ్చాడు. కుంకుడుగింజంత ఉంది, కాస్త కోలగా, నున్నగా. కొసను కంటికి ఎదురుగా పెట్టి ఎండలోకి చూస్తే వాన వెలిసిన ఆకాశంలా ఉండేది. నీలం అందరికీ పడదు కనుక మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. చెడ్డ కల రాలేదు, పడవలూ క్షేమంగా తిరిగొచ్చాయి. ఉంగరంలో పొదగమని భద్రాచారికి ఇచ్చి, అప్పాయమ్మను కాపలా పెట్టాడు.

పొద్దున్న ఆవిడ కూడా రాయిని కొసనుంచి ఎండకు పెట్టి చూసింది. నీలమే. భద్రాచారి దాన్ని ఉంగరం గూట్లో పడుకోబెట్టి, కదలకుండా లక్క పెట్టి, చుట్టూ బంగారం నొక్కాడు. సాయంత్రం లక్క తీసి కుంకుడురసంతో కడిగేసరికి రాయి బియ్యం కడిగిన నీళ్ల రంగులో ఉంది.

అప్పాయమ్మ కుంపటి బూడిద జల్లెడ పట్టించింది, ఆచారి పంచె దులిపించింది. ఏమీ దొరకలేదు. ఎప్పుడు మార్చాడు? పొద్దుటినుంచీ జరిగిందంతా మనసులో తిరగేసుకుంది. చూపు తిప్పిన క్షణం ఒక్కటీ కనబడలేదు.

ఇద్దరూ ఉంగరం పట్టుకుని పోలిరాజు ఇంటికి వెళ్లారు. అరుగు మీద పీట, పీట మీద ఇత్తడి పళ్లెం, పళ్లెంలో ఉంగరం. పోలిరాజు మీంచి వంగి చూశాడు.

"నా రాయేదండి ఆచారిగారూ?"

"అదేనండి. అప్పాయమ్మగారి ఎదటే చేసేను. ఆవిణ్ణే అడగండి."

అందరూ ఆవిడవైపు తిరిగారు. ఒక్క కునుకు పట్టిందని అంటే చాలు, ఆవిడ బయటపడుతుంది. భద్రాచారికి మాత్రం ఆ చుట్టుపక్కల ఎవరూ గురిగింజెత్తు బంగారం ఇవ్వరు. పెళ్లాంబిడ్డలతో ఊరు వదలాల్సిందే. ఒకరి తరఫున మాట్లాడటం అప్పాయమ్మకు అలవాటు లేదు.

"నేను రెప్ప వెయ్యలేదండి. ఆయన మార్చలేదు" అంది.

"అయితే ఇద్దరూ కలిసే చేసేరన్నమాట" అంది పోలిరాజు భార్య రాజేశ్వరమ్మ. "ఆ కొంగు ముడి విప్పు చూద్దాం."

జీవితమంతా ఊరివాళ్ల ముళ్లు విప్పించిన మనిషి తన ముడిని గుప్పిట్లో బిగించింది. రాజేశ్వరమ్మే లాగి విప్పింది. వక్కపలుకులతో పాటు పచ్చగా చిలుము పట్టిన సూత్రం ఒకటి అరుగు మీద పడింది.

"ఇదెవరిది?"

"నాదేనమ్మా. ఆయన కట్టింది."

సిగ్గుతో చచ్చిపోతూ అప్పాయమ్మ మోకాళ్ల మీద కూలబడి సూత్రం కోసం తడుముకుంది. తలెత్తేసరికి పీట మీది పళ్లెం కళ్లకు సూటిగా ఉంది. గూటిపైకి తేలిన రాయి కొస పక్కనుంచి కనిపిస్తోంది. నీలంగా ఉంది.

"పోలిరాజుగారూ, ఇలా కూర్చుని చూడండి."

ఆయన నమ్మీ నమ్మక కూర్చున్నాడు. పక్కనుంచి నీలం, పైనుంచి నీళ్లు. ఉంగరాన్ని పదిసార్లు తిప్పాడు. "ఆయ్, ఇదే రాయండి" అన్నాడు చివరికి. అప్పటివాళ్లు జలనీలం అనే ఆ రాయిని ఇప్పుడు ఐయొలైట్ అంటున్నారు. ఒకవైపు నీలం, ఒకవైపు నీళ్లు, మరోవైపు పల్చని తేనెరంగు చూపిస్తుందనే సేకరించేవాళ్లు దానిమీద పడి చస్తారు. ఆ రోజు రాజేశ్వరమ్మకు మాత్రం ఆ అందం పట్టలేదు. "రాయికి కూడా ఇన్ని మొహాలా" అని లోపలికి పోయింది. తప్పయిందని ఎవరూ అనలేదు. బియ్యం మాత్రం రెండింతలు కొలిపించారు. అప్పాయమ్మ వాటిని అరుగు మీదే వదిలేసి వచ్చింది.

మర్నాడు భద్రాచారి రాయిని విప్పి, కొస పైకి వచ్చేలా మళ్లీ పొదిగాడు. పని అయ్యాక అలవాటుగా చేతులు చాపాడు. ఆవిడ మొహం తిప్పుకుంది.

"వద్దులెండి ఆచారిగారూ."

"చూడండమ్మా. నిన్న మీరు చూసేరు కాబట్టే నేనింకా ఈ ఊళ్లో ఉన్నాను."

అప్పాయమ్మ చూసింది. పాతికేళ్లుగా గోళ్ల సందులే వెతికింది గానీ, ఆ వేళ్ల చివర్లు కాలి కాలి నల్లబడ్డాయని ఆవిడకు ఆ రోజే కనబడింది.

కొంగు ముడి విప్పి చిలుముపట్టిన సూత్రాన్ని ఆ చేతుల్లో పెట్టింది.

"దీన్లో ఉన్న కాస్త బంగారం తీసిపెట్టండి. నేను ఇంటికెళ్లి ఎసరు పెట్టుకుని వస్తాను" అని లేచింది.