తన పెళ్ళిమాటలకు తానే దుబాసీ

పైగది అద్దెకిచ్చేటప్పుడు మా అమ్మ పెట్టే షరతు ఒక్కటే: మాంసం తిననివాళ్ళు వద్దు. రాయ్‌పూర్‌లో ఇళ్ళవాళ్ళు చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి అడుగుతారు కాబట్టి, ఎక్కడా గది దొరకనివాళ్ళంతా టాటీబంధ్‌లో మా గేటు ముందు తేలేవారు. అలా వచ్చిందే ఆ సోమాలీ పిల్ల. ఫార్మసీ చదువు, పొడుగాటి మనిషి, తలచుట్టూ బిగించి కట్టిన ఓణీ. అన్నంలో అరటిపండు నంజుకుని తింటుంటే, "ఇదేం తిండే తల్లీ" అని మా అమ్మ మొదట తల పట్టుకుంది. నెల తిరక్కుండానే ఆ పిల్ల కంచం పక్కన తనే పండు పెట్టడం మొదలెట్టింది. నాకెప్పుడైనా అలా పెట్టిందా? అడక్కండి.

చదువు చివర్లో ఆ పిల్లకు టాంజానియా నుంచి వచ్చిన కుర్రాడొకడు నచ్చాడు. అదే కాలేజీ, అతనూ ముసల్మానే. అయినా ఇంట్లో ససేమిరా అన్నారు, సోమాలీ కాడు కనక. మగపిల్లాడు బయటి పిల్లను తెచ్చుకుంటే వాళ్ళింట్లో అంత పట్టింపు లేదట, పిల్లలు తండ్రి వంశంలోనే లెక్క. ఆడపిల్ల బయటికి వెళ్తేనే గొడవ. వింటుంటే నాకు నవ్వొచ్చింది. ఈ పాట నేను తెలుగులో విన్నదే. మాది కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భన్‌పురిలో లారీలు నడిపించే ఛత్తీస్‌గఢీ హిందువును చేసుకుంటానన్నప్పుడు మా అమ్మ ఇదే పాట పాడింది.

తండ్రి లేని పిల్ల. వాళ్ళ బాబాయి ఒప్పుకుంటే తప్ప నిఖా జరగదు. ఆయన నడుంనొప్పి వైద్యానికని హైదరాబాద్ వచ్చి, అక్కణ్ణుంచి రైలెక్కి, పిల్లను వెంటబెట్టుకుపోదామని మా ఇంటికొచ్చాడు. ఆయనకు హిందీ రాదు, మా అమ్మకు సోమాలీ రాదు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రం. మధ్యలో దుబాసీ ఎవరంటే, పెళ్ళికూతురే.

కూర్చోగానే మా అమ్మ హిందీలో గోదావరి జిల్లా ప్రశ్న వేసింది.

"ఇంటిపేరేంటో అడుగు బేటీ."

పిల్ల ముఖం మాడిపోయింది. వాళ్ళకు ఇంటిపేరంటే తెగేనని, నీ తెగ ఏదని ముఖం మీద అడగడమంటే తగువు కొనితెచ్చుకోవడమేనని తర్వాత చెప్పింది. కానీ దుబాసీ కదా, అడిగింది. బాబాయి మా అమ్మను ఎగాదిగా చూసి, పకపకా నవ్వి, తన పేరు, తండ్రి, తాత, ముత్తాత, ఆపైవాళ్ళనీ ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. ఆడపిల్లలకూ ఇది నేర్పుతారట. పెళ్ళయినా వాళ్ళు తండ్రి పేరు మార్చుకోరట. అమ్మ అక్కడ పట్టుకుంది.

"మాకైతే పెళ్ళినాడే ఇంటిపేరు ఊడబెరుకుతారు. మీ పిల్ల పేరు ఎవరూ తీసెయ్యరు కదా, ఇంకెక్కడికి పోద్దంట? పూఛో, పూఛో."

ఆయన గడ్డం సవరించుకుని జవాబిచ్చాడు. పిల్ల నేలచూపులు చూస్తూ హిందీలో చెప్పింది.

"పేరు ఉంటుంది. దాని పిల్లలు మాత్రం మావాళ్ళు కారు, అంటున్నారు."

తన కడుపున పుట్టబోయేవాళ్ళను ‘దాని పిల్లలు’ అని తనే చెప్పాల్సి వచ్చింది. కాస్త మెత్తబరిచి చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన ఎదురడిగాడు: మీ అమ్మాయిని మీరు బయటివాళ్ళకిచ్చారా?

మూడేళ్ళ మావాడు అమ్మ ఒళ్ళో బిస్కెట్ నములుతున్నాడు. ‘ఇచ్చాను’ అని ఒక్క బొంకు బొంకితే పనైపోయేది. నేనేమీ కాదనేదాన్ని కాదు.

"ఇవ్వలేదు భాయ్‌సాబ్. అదే వెళ్ళిపోయింది. పెళ్ళికి నేను వెళ్ళలేదు. నర్సును, బతుకంతా లేబర్ రూమ్‌లోనే గడిచింది. ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని ఈ చేతుల్తో పట్టాను. వీడు పుట్టిననాడు మాత్రం పంతానికి పోయి ఇంట్లో కూచున్నాను. వీణ్ణి ఎవరో పట్టారు." వాడి మూతి కొంగుతో తుడిచింది. "వీడు నావాడు కాదని ఎవర్నన్నా అనమను, చూస్తాను."

ఈ మాట నాతో ఏనాడూ అనలేదు. వాడికి నడకొచ్చాక ఒకరోజు మా గుమ్మంలో చేపల కూర గిన్నెతో నిలబడింది, అంతే. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. నాకు చెప్పుకోవాల్సిన మాట ఎవరికో చెప్పింది, అదీ హిందీలో!

పిల్ల ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. బాబాయి మావాడి వైపు చెయ్యి చాపితే వాడు పోలేదు, మహా టెక్కు వాడికి. చివరికి ఆయన మా అమ్మనే చూస్తూ ఏదో చిన్న మాటన్నాడు. పిల్ల దాన్ని తర్జుమా చెయ్యలేదు. ఓణీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నాడే? చెప్పవే!" అమ్మ కంగారుగా మోచేత్తో పొడిచింది.

"ఈ పెళ్ళికైనా టైముకి రమ్మంటున్నారు, ఆంటీ."