లెక్కకు మించి ఒక కుర్చీ

మీ ఇంట్లో శుభకార్యానికి ఎంతమంది వస్తారో మీకంటే ముందు కుర్చీలాయనకు తెలుస్తుంది. రెండొందల మందిని పిలిచామని మీరు గొప్పగా చెబుతారు. ఆయన మీ వాకిలి చూస్తాడు, వీధి చూస్తాడు, మీరు చెప్పే తీరు చూస్తాడు, నూట ముప్పై సరిపోతాయిలే అంటాడు. మీకు కాస్త చిన్నతనంగా ఉంటుంది. తీరా ఆ రోజు వచ్చేసరికి నూట ఇరవై ఎనిమిది మంది తేలతారు. ఇరవై రెండేళ్ళుగా ఆ వీధుల్లో కుర్చీలూ బల్లలూ అద్దెకిస్తున్న మనిషి అంచనా పెద్దగా తప్పిన సందర్భం లేదు.

ఆయనకు ఇంకో అలవాటుంది. అడిగినన్ని కుర్చీలు బండికెక్కించాక, చివర్లో ఇంకొకటి వేస్తాడు. అది లెక్కలోకి రాదు. ఎందుకయ్యా అంటే, అనుకోని మనిషి ఒకరు ఎప్పుడూ వస్తారని, వాళ్ళు నిలబడిపోతే పిలిచిన ఇంటికి మర్యాద కాదని చెబుతాడు.

అలాంటి మనిషి, సొంత కూతురి ఆరో పుట్టినరోజుకు ఎవర్ని పిలవాలో తేల్చుకోలేక వారం రోజులు ఇంట్లో మొహం చాటేసి తిరిగాడు.

కూతుర్ని ఇంటిల్లిపాదీ బొంగరం అంటారు. కూర్చున్న చోట కూర్చోదు కాబట్టి ఆ పేరు. జాబితా రాయడానికి భార్య పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవైపు తిప్పి, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముందు గదీ, వాకిలీ కలిపి పాతికమందికి మించి పట్టరు. పెద్దాడపడుచుని పిలవకపోతే ఏడాదంతా సాధిస్తుంది, పిలిస్తే ఆ ఒక్కపూటతో పోతుంది, కాబట్టి ఆవిడ పేరు రాసింది. ఇంటి ఓనరు దంపతుల్ని రాసింది. పక్కవాటా ముసలాయన పిలవకపోయినా వస్తాడు, ఎలాగూ వచ్చేవాడిని పిలిచినట్టుంటే పోలా అని ఆయన్నీ రాసింది. అప్పుడు బొంగరం తల్లి వీపు మీద వాలి, మొట్టమొదట రాయాల్సిన పేరు రాయలేదేమని అలిగింది.

ఆ పేరు పిచిక. వీధి మలుపులో కుట్టుపనావిడ కొడుకు. పొద్దస్తమానం కిచకిచలాడుతుంటాడని వాడికా పేరు పెట్టారు. ఏడేళ్ళవాడు. బొంగరానికి బళ్ళో తోడు, వీధిలో జట్టు. వాడి కుడికాలు ఎడమకాలి కంటే రెండు వేళ్ళ మందం పొట్టి, మడమ నేలకు ఆనదు.

"వాడొద్దు," అన్నాడు కుర్చీలాయన.

భార్య పెన్ను ఆపి చూసింది. ఎందుకు వద్దని అడిగింది. పిల్లలు ఎక్కువైపోతారన్నాడు. మరి మిగతా ఎనిమిది మంది పిల్లల్ని మీరే చెప్పారు కదా అన్నట్టు ఆమె కాగితం ముందుకు జరిపింది. ఆయన చెప్పులు కాళ్ళకు తగిలించుకుని గోడౌనుకు వెళ్ళిపోయాడు. పని ఉండి కాదు.

గోడౌను అటక మీద నీలం రంగు టెంటు గుడ్డ చుట్టి ఉంటుంది. మూడేళ్ళుగా ఆయన దాన్ని దించలేదు. ఒకప్పుడు కుర్చీలతో పాటు టెంట్లు కూడా వేసేవాడు. నడుం పట్టేస్తోంది, బరువులెత్తలేనని మానేశాడు. అదే నిజమని ఊరంతా నమ్మింది. వంద కుర్చీలు ఒంటిచేత్తో బండికెక్కించే మనిషికి నడుం నొప్పేమిటని ఎవరికీ తోచలేదు, మనం ఒకరి నడుం గురించి అంతగా ఆలోచించం కదా.

మూడేళ్ళ కిందట ఆ వీధిలోనే ఒకరింట్లో పెళ్ళయింది. వాకిట్లో కొత్తగా నున్నటి రాళ్ళు వేయించుకున్నారు, టెంటు తాళ్ళకు మేకులు కొడితే పగిలిపోతాయి, ఇంకేదైనా ఉపాయం చూడమన్నారు. ఆయన నాలుగు మూలలా నాలుగు డ్రమ్ములు పెట్టి, ఇసుక నింపి, టెంటు తాళ్ళు వాటికి కట్టాడు. మూడు డ్రమ్ములు నిండాయి. నాలుగోదానికి ఇసుక చాల్లేదు, సగానికొచ్చి ఆగింది. ఇంకో చోట కుర్చీలు దించాలి, టైమైపోతోంది. ఆ మూల గోడ చాటుగా ఉంది, అటు గాలి తగలదులే, వచ్చాక నింపుదామనుకున్నాడు. వచ్చాక మరిచిపోయాడు.

భోజనాల వేళ గాలి వచ్చింది. పెద్ద గాలేం కాదు, విస్తరాకు ఎగిరేంత. సగం డ్రమ్ము ఒరిగింది, తాడు వదులైంది, ఆ మూల టెంటును మోస్తున్న ఇనప గొట్టం పడింది. బెలూను కోసం అక్కడికి పరుగెత్తిన నాలుగేళ్ళ పిచిక కాలి మీద పడింది.

వాడిని చేతుల్లో వేసుకుని, తన బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళింది కుర్చీలాయనే. వాడి తల్లిని అక్కడ కూర్చోబెట్టి, సామాను సర్దాలని చెప్పి వెనక్కి వచ్చాడు. పెళ్ళివారు సగం మంది ఆస్పత్రిలో ఉన్నారు, సగం మంది లోపల గుసగుసలాడుకుంటున్నారు. ఎవరూ చూడకుండా ఆయన మొదట ఆ నాలుగో డ్రమ్ము దొర్లించి ఇసుక పారబోశాడు. తర్వాత మిగతా మూడూ పారబోశాడు. ఇక ఏ డ్రమ్ములో ఎంత ఇసుక ఉండేదో ఎవరూ చెప్పలేరు.

గాలి అన్నారు అందరూ. పెళ్ళింటివాళ్ళు తమ మీదకు మాట రాకుండా ఆ గాలిని ఇంకాస్త పెంచి చెప్పి చేతులు దులుపుకున్నారు. కుట్టుపనావిడ కూడా గాలేనంది. ఆమె భర్త పోయి అప్పటికి ఏడాది, కన్న కొడుకు తప్ప మరో దిక్కు లేదు. అయినా పల్లెత్తు మాట అనలేదు. పైగా ఆ రోజు కుర్చీల అన్నయ్య లేకపోతే నా బిడ్డ ఏమైపోయేవాడో అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా కుర్చీలాయనకు చచ్చినంత పనయ్యేది. ఆమె తిట్టి ఉంటే పడేవాడు. మెచ్చుకుంటుంటే ఏం చేయాలో తెలియక, మూడేళ్ళుగా ఆ మలుపు తప్పించుకుని పక్క సందులోంచి బండి తిప్పుతున్నాడు. ఆయన్ని పిరికివాడని అనడం తేలిక. నేనూ అంటాను. కానీ మొదటి రోజు నోరు పెగలకపోతే, రెండో రోజు ఆ నోరు ఇంకా బరువెక్కుతుంది, అదీ నిజమే.

గోడౌను నుంచి తిరిగొచ్చేసరికి బొంగరం వాకిట్లో సీసా మూతలు పేర్చి ఆడుతోంది. మూతలన్నీ కుర్చీలట. వరసగా పేర్చి, చివర్న ఒకటి విడిగా పెట్టింది. అచ్చం నాన్న చేసినట్టే. అదెవరికి అని అడిగాడు.

"పిచికకి. వాడికి ఎక్కువసేపు నిలబడితే కాలు లాగుతుంది నాన్నా. ఎవరికీ చెప్పడు, నాకు చెప్పాడు."

ఆయన అక్కడే గడప మీద చతికిలబడ్డాడు. ఆరేళ్ళు నిండని పిల్లకు ఆ కాలి నొప్పి తెలుసు. తను మాత్రం మూడేళ్ళుగా ఆ కాలు చూడకుండా ఉండటానికి సందులు వెతుక్కున్నాడు. భార్య లోపల్నుంచి వచ్చి, పోనీ నేనే వెళ్ళి పిలుస్తానంది. పిచిక తల్లి ఎదురుపడితే నోరారా అన్నయ్యా అంటుంది, మీరు ఒక్కసారీ వాళ్ళ గడప తొక్కలేదు, ఇదేం పద్ధతి అని నిష్ఠూరమాడింది. ఆయన లేచి, నేనే వెళ్తానన్నాడు.

కుట్టుపనావిడది ఒకటే గది. గోడకు వేలాడేసిన జాకెట్లు, కిటికీ పక్కన మిషను, కింద ముక్కల మూట. పిచిక బళ్ళో ఉన్నాడు. ఆయన్ని గుమ్మంలో చూసి ఆమె మొహం విప్పారింది. కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"అమ్మాయి పుట్టినరోజుకు పిలవడానికొచ్చానమ్మా. పిలిచే ముందు ఒక మాట చెప్పాలి. అది విన్నాక రావాలో వద్దో నువ్వే చూసుకో."

ఆమె మిషను మీంచి చెయ్యి తీసింది.

"ఆ రోజు గాలి కాదు. ఆ మూల డ్రమ్ములో ఇసుక సగమే ఉంది. పోసింది నేనే, సగమేనని నాకు తెలుసు. తర్వాత నింపుదామనుకుని మరిచిపోయాను."

తర్వాత ఏం చేశారని ఆమె అడిగింది. మీరంతా ఆస్పత్రిలో ఉండగా వెళ్ళి ఆ ఇసుక పారబోశానని చెప్పాడు. అది చెప్పడం మొదటిదాని కంటే కష్టమైంది.

"మూడేళ్ళు వాడి చేత మీకు దణ్ణం పెట్టించాను," అంది ఆమె. గొంతు పెరగలేదు. "మీరు కనిపించినప్పుడల్లా పెట్టమని నేనే చెప్పేదాన్ని."

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. క్షమించమని అడగాలని వచ్చాడు, ఆ మాట అక్కడ చాలా చిన్నదిగా తోచి అడగలేదు. ఆమె ఒక జాకెట్టు ముక్క తీసుకుని అంచులు సరిచేసింది, మళ్ళీ కింద పెట్టింది.

"వాడు వస్తాడు. వాడి స్నేహితురాలి పుట్టినరోజు అది. నేను రాను." ఆ తర్వాత మిషను తిప్పడం మొదలుపెట్టింది. అన్నయ్యా అనలేదు.

ఇంటికొచ్చి భార్యకూ చెప్పాడు. ఆమె కాగితం మడిచి దిండు కింద పెట్టి, ముందు నాకు చెప్పాల్సింది అంది. పుట్టినరోజు దాకా ఆ రెండు రోజులూ కావలసినంత వరకే మాట్లాడింది.

పుట్టినరోజు మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. నీలం టెంటు వేయమని బొంగరం ఎంత మారాం చేసినా ఆయన వేయలేదు, గోడనీడన సర్దుకోమన్నాడు. ఇరవై ఆరుగురు వస్తారని లెక్క కట్టి, ఇరవై ఏడు కుర్చీలు దించాడు. పెద్దాడపడుచు వచ్చి, కేకు చిన్నదైందని పెదవి విరిచి, ఆనక రెండు ముక్కలు తింది. పక్కవాటా ముసలాయన తనను పిలిచారని తెలిసి, ఎన్నడూ లేంది, కొత్త చొక్కా వేసుకొచ్చాడు. పాతికమంది తేలారు. వాకిట్లో రెండు కుర్చీలు ఖాళీ.

అప్పుడు వీధి మలుపులోంచి పిచిక ఒక్కడే వస్తూ కనిపించాడు. మడమ ఎత్తి, ఎత్తి, చేతిలో గుడ్డముక్కలతో కుట్టిన చిన్న సంచీ పట్టుకుని. వాడి వెనక, మలుపు దగ్గర మూసేసిన కొట్టు ముందు, వాడి తల్లి నిలబడి ఉంది. ఎండలో. లోపలికి రానన్నది, రాలేదు. కొడుకును ఒంటరిగా ఆ వాకిట్లోకి పంపి ఇంటికీ పోలేకపోయింది.

బొంగరం పరుగెత్తుకెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఇక ఒక్కటి మిగిలింది. కుర్చీలాయన దాన్ని ఎత్తి భుజాన వేసుకున్నాడు. అందరూ చూస్తుండగానే గేటు దాటి, వీధి పొడుగునా నడిచి, కొట్టు పక్క గోడనీడన దించి, దాని కాళ్ళు ఊగకుండా చేత్తో నొక్కి చూశాడు. ఆమె ఆయన వంక చూడలేదు. ఆయన వెనక్కి వచ్చేశాడు. గేటు దగ్గర తిరిగి చూస్తే ఆమె ఇంకా ఎండలోనే నిలబడి ఉంది.

కేకు కోశారు, పాట పాడారు, పిల్లలు బెలూన్ల కోసం కొట్టుకున్నారు. పిచిక కిచకిచ అందరికంటే పైకి వినబడింది. మధ్యలో ఒకసారి ఆయన వీధిలోకి తొంగి చూశాడు. ఆమె కుర్చీలో కూర్చుని ఉంది, ఇంటివైపు వీపు పెట్టి.

అందరూ వెళ్ళాక ఆయన కుర్చీలు ఒకదానిలో ఒకటి దొంతర పెడుతున్నాడు. గేటు చప్పుడైంది. కుట్టుపనావిడ ఆ కుర్చీని తనే మోసుకొచ్చింది. లోపల అడుగు పెట్టకుండా గేటు అవతలే దించి, కొడుకును కేకేసింది. పిచిక వచ్చి, అలవాటు చొప్పున కుర్చీలాయనకు చేతులు జోడించబోయాడు. ఆమె వాడి చెయ్యి అందుకుని పక్కకు లాక్కుంది. అది న్యాయమేనని ఆయనకు తెలుసు.

రెండడుగులు వేసి ఆమె ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది.

"పిల్ల టెంటు కావాలని ఏడ్చిందట, వీడు చెప్పాడు. వచ్చే ఏడు వేయండి. ఎవరి రాళ్ళు పగిలినా సరే, మేకులు నేలలోకి కొట్టండి. కొట్టాక నన్ను పిలవండి, తాళ్ళు నేను లాగి చూస్తాను."

ఆయన సరేనమ్మా అన్నాడు. వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా ఆ కుర్చీ పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు.