బాలింకాలిగ్‌లో రెండు మూతల స్నానం

ఆ రోజుల్లో లోకమంతా చేతులు కడుక్కుంటుంటే, మా ఇంట్లో కూరగాయలూ పాల డబ్బాలూ తాళంచెవులూ కూడా స్నానం చేసేవి. కరోనా వచ్చిన మొదటి ఏడాది అది. నాకు పెళ్లై ఎనిమిది నెలలు, కాపురం ఐర్లండులో, కార్క్ పక్కనున్న బాలింకాలిగ్‌లో. మా ఆయన సాఫ్ట్‌వేరు ఇంజినీరు (అంటే వైద్యంతో సహా అన్నీ తెలిసినవారు). ఫోన్లో వచ్చే వీడియోలు చూసి వైరస్ మీద పెద్ద పరిశోధనే చేశారు. షవర్ ఉండగా నేను పట్టుబట్టి కొనిపించుకున్న బకెట్లో, రోజూ నేల తుడిచే లోషన్ రెండు మూతలు పోసేవారు. "మంటగా ఉందండీ" అంటే, "మంట పుట్టిందంటే పనిచేస్తున్నట్టే" అనేవారు. తాను మాత్రం షవర్ కింద మామూలు సబ్బుతో కానిచ్చేవారు. ఆయన ఇంట్లోంచే పని చేస్తారు కదా, వైరస్‌ని మోసుకొచ్చేది నేనేనట!

ఎందుకంటే నాకప్పుడే వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా ఉద్యోగం వచ్చింది. జీవితంలో మొదటి ఉద్యోగం. చేరి నెల తిరక్కుండానే చేతుల మీదా మెడ మీదా ఎర్రటి దద్దుర్లు లేచాయి. మేనేజరమ్మ మర్యాదగానే చెప్పింది, ఇది అంటుకునేది కాదని చర్మం డాక్టరు ఉత్తరం ఇచ్చేదాకా రావద్దని. రెండు వారాల్లో తేకపోతే నా చోట ఇంకొకరిని తీసుకుంటారని కూడా అంతే మర్యాదగా చెప్పింది. ఇంటికొచ్చి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఇంగ్లీషు కావాలి. పదో తరగతిలో నాకు ఇంగ్లీషులో ఎనభై రెండు మార్కులు, అన్నీ గైడు బట్టీ పట్టి తెచ్చుకున్నవే. ఎదురుగా ఎవరైనా మాట్లాడితే పెదాలు చూసి సగం అర్థం చేసుకునేదాన్ని, ఆ పెదాలకి కాస్తా మాస్కులొచ్చి పడ్డాయి. "నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటా" అన్నారు మా ఆయన. తీరా క్లినిక్ గుమ్మంలో ఆయన్ని ఆపేశారు, పేషెంటు ఒక్కరే లోపలికట. ఆయన తొణక్కుండా జేబులోంచి కాగితం తీశారు. ముందుచూపున్న మనిషి, వ్యాసం రాసి తెచ్చారు. కారులో కూర్చోబెట్టి పావుగంటలో నాచేత బట్టీ పట్టించారు. "లోషన్ సంగతి మాత్రం ఎత్తకు, పరువు పోద్ది" అని హెచ్చరించి పంపారు.

డాక్టరుగారు పెద్దావిడ, మాస్కు పైన రెండు నీలికళ్లు తప్ప ఏమీ కనబడలేదు. నేను నిలబడే అందుకున్నాను. "రెస్పెక్టెడ్ డాక్టర్, ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఇచింగ్..." ఆవిడ మధ్యలో ఏదో అడిగింది. బట్టీ పట్టిన పాఠానికి మధ్యలో అడ్డొస్తే ఏమవుతుందో మన బళ్లో చదివినవాళ్లకి తెలుసు. మళ్లీ "రెస్పెక్టెడ్ డాక్టర్" దగ్గర్నుంచి మొదలు. మూడోసారికి పాపం ఆవిడ పెన్ను కింద పెట్టి, బుద్ధిగా చివరిదాకా వింది. చివర్లో "థాంకింగ్ యూ, యువర్స్ ఒబీడియెంట్లీ" కూడా వదిలిపెట్టలేదు నేను. "గ్రాండ్" అంది ఆవిడ, ఇక్కడివాళ్ల భాషలో 'సరే' అని. ఆ తర్వాత, ఒంటికి ఏం వాడతావని అడిగింది. అది వ్యాసంలో లేదు. "సోప్" అన్నాను. "సోప్ ఒక్కటేనా?" తలూపాను. ఆవిడ నిట్టూర్చి, కారణం తెలియకుండా ఉత్తరం ఇవ్వలేననీ, పరీక్షలు చేయాలనీ, ఆరువారాలు పడుతుందనీ నిదానంగా చెప్పింది.

ఆరువారాలు! నా ఉద్యోగం పోయినట్టే. పరువు ఆయనది, దద్దుర్లు నావి. లేచాను. లేని బకెట్ తెచ్చి గది మధ్యలో పెట్టాను. లేని కుళాయి తిప్పాను. లేని మాపు పట్టుకుని ఆవిడ కాళ్లదాకా నేలంతా తుడిచి, నేల తుడిచే లోషనే అని తెలిసేలా లేని సీసా తెచ్చి బకెట్లో వంచి రెండు వేళ్లు చూపించాను. చెంబుతో నెత్తిన పోసుకున్నాను. "మై హస్బెండ్. ఎవ్రీ డే. వైరస్ కిల్లింగ్" అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. భుజాలు కాసేపు కదిలాయి. మళ్లీ ఇటు తిరిగి, ఇది అంటుకునేది కాదు, తప్పు నీది కాదు, ఆ నీళ్లు మానేస్తే తగ్గిపోతుందంటూ రెండు ఉత్తరాలు రాసింది. ఒకటి నర్సింగ్ హోమ్‌కి, ఒకటి మా ఫ్యామిలీ డాక్టరుకి (ఇక్కడ జీపీ అంటారు). "ఫెయిర్ ప్లే టు యూ" అని, అంటే ఇక్కడి లెక్కలో శభాష్ అని, గుమ్మందాకా వచ్చి సాగనంపింది.

కారెక్కగానే మా ఆయన, "మొత్తం అప్పజెప్పావా?" అన్నారు. "ఒక్క ముక్క వదల్లేదండీ." నాకు అర్థం కాదు కదా అని ఉత్తరాలు తీసుకుని తెలుగులో చెప్పడం మొదలెట్టారు. "అంటువ్యాధి కాదు... పనిలోకి వెళ్లొచ్చు... మందు ఇది..." జీపీ ఉత్తరం సగంలో ఆగిపోయారు. "తర్వాతేంటండీ?" "ఏం లేదులే, ఫార్మాలిటీ." కాగితం లాక్కుని, ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని చదివాను. 'భర్త ఈమె స్నానపు నీళ్లలో నేల తుడిచే లోషన్ కలుపుతున్నారు. ఆయనకు దయచేసి నచ్చజెప్పగలరు.' ఆయన జీపీ కూడా ఆ జీపీయే. గైడు లేకుండా నాకు పూర్తిగా అర్థమైన మొదటి ఇంగ్లీషు పేరా అది, ఇల్లు చేరేలోపు నాలుగుసార్లు పైకి చదివాను.

సోమవారం పనిలోకి వెళ్లాను. ఇప్పుడు నా ఇంగ్లీషుకి ఇక్కడే పుట్టిన మా అమ్మాయి కూడా వంక పెట్టలేదు. కానీ ఆ గది మధ్యలో లేని చెంబుతో నెత్తిన నీళ్లు పోసుకున్న పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది. నాకిప్పుడు మాటలన్నీ వచ్చు, ఉన్నది చెప్పకుండా దాటేయడం కూడా వచ్చేసింది.